కేంద్రక లామినా: ఫాస్ఫేటు కట్టే తీరు, విప్పే తీరు

జంతుకణంలోని కేంద్రకాన్ని రెండు పొరల త్వచం చుట్టి ఉంటుంది. అందులో లోపలి పొరను ఆనుకుని, క్రొమాటిన్‌కు ఎదురుగా, సన్నని ప్రోటీను పోగుల వల ఒకటి పరుచుకుని ఉంటుంది. దీన్నే కేంద్రక లామినా అంటారు. కేంద్రకానికి ఆకారాన్నీ గట్టిదనాన్నీ ఇచ్చేది ఇదే. క్రొమాటిన్‌లో కొంత భాగం దీన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. త్వచంలోని కేంద్రక రంధ్రాలు అటూ ఇటూ జరిగిపోకుండా నిలిపి ఉంచేది కూడా ఇదే. 2017లో జ్యూరిచ్ విశ్వవిద్యాలయంలోని ఒహాద్ మెడాలియా బృందం ఎలుక కణాల కేంద్రకాలను గడ్డకట్టించి, ఎలక్ట్రాన్ టోమోగ్రఫీతో పరిశీలించింది. ఆ కణాల్లో లామినా మందం సుమారు 14 నానోమీటర్లు, ఒక్కో పోగు మందం సుమారు 3.5 నానోమీటర్లు ఉన్నట్టు తేలింది.

మామూలు పద్ధతుల్లో ఈ పోగులను కరిగించడం కష్టం. డిటర్జెంటు, గాఢమైన ఉప్పు ద్రావణం కలిపి వాడి త్వచాన్నీ క్రొమాటిన్‌నూ తొలగించినా లామినా మిగిలే ఉంటుంది. అంత గట్టి నిర్మాణం కణం విభజన చెందే ప్రతిసారీ కొన్ని నిమిషాల్లో విడిపోతుంది, విభజన పూర్తవగానే రెండు పిల్ల కేంద్రకాల చుట్టూ తిరిగి ఏర్పడుతుంది. విడిపోయిన ప్రోటీను నాశనం కాదు. అవే అణువులు మళ్లీ వాడుకలోకి వస్తాయి. కణం ఈ పనిని ముఖ్యంగా ఒక చిన్న రసాయన మార్పుతో సాధిస్తుంది. ప్రోటీనుకు ఫాస్ఫేటు తగిలించడం, మళ్లీ దాన్ని ఊడదీయడం. మొదటిది ఫాస్ఫోరిలేషన్, చేసేవి కైనేజ్ ఎంజైములు. రెండోది డీఫాస్ఫోరిలేషన్, చేసేవి ఫాస్ఫటేజ్ ఎంజైములు.

లామినాలోని ప్రధాన ప్రోటీన్లు లామిన్లు. క్షీరదాల శరీర కణాల్లో ఇవి రెండు తెగలుగా ఉంటాయి. లామిన్ ఎ, లామిన్ సి రెండూ ఎల్‌ఎమ్‌ఎన్‌ఎ అనే ఒకే జన్యువు నుంచి వస్తాయి. ఆర్‌ఎన్‌ఏ ముక్కలను వేర్వేరు విధాలుగా అతికించడం వల్ల ఒకే జన్యువు రెండు ప్రోటీన్లను ఇస్తుంది. లామిన్ బి1, బి2లకు విడివిడి జన్యువులున్నాయి. బి తెగ లామిన్ల తోక చివర ఫార్నెసిల్ అనే కొవ్వు గొలుసు శాశ్వతంగా అతుక్కుని ఉంటుంది. అందుకే అవి త్వచాన్ని వదలవు. లామిన్ ఎకు కూడా మొదట ఈ గొలుసు తగులుతుంది గానీ, తర్వాత ఒక ప్రోటియేజ్ ఎంజైము చివరి అమైనో ఆమ్లాలతో సహా దాన్ని కత్తిరించేస్తుంది. లామిన్ సికి ఆ గొలుసే లేదు. విభజన సమయంలో రెండు తెగలూ వేర్వేరుగా ప్రవర్తించడానికి మూలం ఇక్కడే ఉంది.

1986లో లామిన్ల అమైనో ఆమ్ల వరుస తెలియగానే ఇవి మధ్యస్థ తంతువుల కుటుంబానికి, అంటే వెంట్రుకల్లోని కెరాటిన్ కుటుంబానికి చెందినవని రుజువైంది. అన్నిటికీ నమూనా ఒకటే. ముందు చిన్న తల, మధ్యలో పొడవాటి కడ్డీ, చివర తోక. రెండు లామిన్ అణువుల కడ్డీలు జడపాయల్లా పెనవేసుకుని, సుమారు 50 నానోమీటర్ల పొడవున్న ఒక జంట అవుతాయి. ఒక జంట తల మరో జంట తోక వైపు కొసను పట్టుకుంటూ పోతే పొడవాటి పోగు తయారవుతుంది. ఆ పోగులు పక్కపక్కన చేరితే లామినా. ఈ నిర్మాణంలో ముందుగా తెగేది తల–తోక అతుకు. ఫాస్ఫేటు పనిచేసేది కూడా ఆ అతుకు దగ్గరే.

లామినా విడిపోవడానికీ ఫాస్ఫోరిలేషన్‌కూ సంబంధం ఉందని మొదట చూపించినవారు న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లారీ జెరేస్, గుంటర్ బ్లోబెల్. లామిన్లను గుర్తించే ప్రతిదేహాలు తయారుచేసి, అవి కేంద్రకపు అంచునే ఉంటాయని 1978లో వారు నిర్ధారించారు. 1980లో అంతకంటే ముఖ్యమైన విషయం బయటపెట్టారు. విభజన చెందుతున్న కణాల్లో లామిన్ల పోగులు విడిపోతాయి, అప్పుడు లామిన్ల మీద ఫాస్ఫేటు పరిమాణం, రెండు విభజనల మధ్య కాలమైన అంతర్దశలో ఉన్నదానికంటే బాగా పెరుగుతుంది. విభజన ముగియగానే ఆ అదనపు ఫాస్ఫేటు పోతుంది, లామినా తిరిగి ఏర్పడుతుంది. ఎ, సి లామిన్లు కణద్రవ్యంలో కలిసిపోతే, బి లామిన్ త్వచపు ముక్కలతోనే ఉండిపోతుంది. రెండు సంగతులు ఒకేసారి జరుగుతున్నాయని దీంతో తెలిసింది. ఒకటి రెండోదానికి కారణమని చెప్పడానికి మాత్రం మరో పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్ల ఆలస్యానికి కారణం ఉంది. ఫాస్ఫేటు తగిలించే కైనేజ్ ఏదో తేలకుండా ప్రశ్న ముందుకు కదలదు. కప్ప అండాల్లో విభజనను ప్రేరేపించే ఒక కారకం ఉందని 1971లోనే తెలిసింది. ఆ కారకంలోని కైనేజ్, ఈస్ట్ జన్యుశాస్త్రం ద్వారా అప్పటికే పరిచయమైన సీడీసీ2 అని 1988లో రుజువైంది. నేడు దాన్ని సీడీకే1 అంటున్నారు. అది చేతికి రాగానే లామినా మీద ప్రయోగించి చూడటం సహజంగా మొదలైంది.

1990లో ‘సెల్’ పత్రికలో మూడు పరిశోధనలు వెలువడ్డాయి. ఈ రంగానికి ఇప్పటికీ పునాది అవే. ఎరిక్ నిగ్ బృందం కోడి కణాల నుంచి వేరుచేసిన కేంద్రకాలకు శుద్ధిచేసిన సీడీసీ2ను కలిపితే లామినా విడిపోయింది. జీవకణంలో విభజన సమయంలో ఏ స్థానాల్లో ఫాస్ఫేటు చేరుతుందో పరీక్షనాళికలోనూ ఆ స్థానాల్లోనే చేరింది. గ్యారీ వార్డ్, మార్క్ కిర్ష్‌నర్ లామిన్ సి మీద కణచక్రాన్ని బట్టి మారే ఫాస్ఫేటు స్థానాలను ఒక్కొక్కటిగా గుర్తించారు. రెబెక్కా హీల్డ్, ఫ్రాంక్ మెకియాన్‌ల ప్రయోగం ఈ మూడింటిలో నిర్ణాయకమైనది. వారు మానవ లామిన్ ఎలో 22వ, 392వ స్థానాల్లోని సెరీన్లను తీసేసి వాటి బదులు అలనీన్ పెట్టారు. ఫాస్ఫేటు తగిలేందుకు సెరీన్‌లో ఉండే హైడ్రాక్సిల్ సమూహం అలనీన్‌లో లేదు. మిగతా ప్రోటీను అంతా యథాతథం. ఈ మార్చిన లామిన్‌ను హామ్‌స్టర్ అండాశయ కణాల్లో తయారయ్యేలా చేస్తే, ఆ కణాలు విభజనలోకి వెళ్లినా లామినా విడిపోలేదు. అంటే ఫాస్ఫేటు చేరడం లామినా విడిపోవడానికి తోడుగా జరిగే మార్పు కాదు, దానికి కారణమే అది.

ఆ స్థానాలను కాస్త దగ్గరగా చూడటం అవసరం. మానవ లామిన్ ఎలో 21వ స్థానం నుంచి వరుస ఇలా ఉంటుంది: లూసీన్, సెరీన్, ప్రోలీన్, త్రియోనిన్, ఆర్జినీన్. సీడీకే1 వెతికేది సరిగ్గా ఈ అమరికనే. సెరీన్ లేదా త్రియోనిన్, దాని వెంటనే ప్రోలీన్, ఒక స్థానం వదిలి ధనావేశం గల లైసీన్ లేదా ఆర్జినీన్. తోక వైపు 390 నుంచి సెరీన్, ప్రోలీన్, సెరీన్, ప్రోలీన్ అని వరుసగా వస్తాయి. 392వ సెరీన్ తర్వాత మూడో స్థానంలో ధనావేశం లేదు గానీ, తప్పనిసరైన ప్రోలీన్ ఉంది. మరో విషయం ఇంకా గమనించదగ్గది. కడ్డీ భాగం దాదాపు 30వ స్థానం దగ్గర మొదలై 385 ప్రాంతంలో ముగుస్తుంది. అంటే రెండు సెరీన్లూ కడ్డీకి ఇరువైపులా, సరిగ్గా తల–తోక అతుకు పడే చోటే ఉన్నాయి. కడ్డీ కొసల్లో ఋణావేశం గల అమైనో ఆమ్లాలు, వాటి పక్కనున్న తల, తోక భాగాల్లో ధనావేశం గల ఆర్జినీన్లు ఎక్కువ. ఈ రెంటి మధ్య ఆకర్షణే అతుకుకు బలం. సెరీన్‌పై ఫాస్ఫేటు చేరితే దానితో పాటు రెండు ఋణావేశాలు వచ్చి కూర్చుంటాయి. దాంతో ఆకర్షణ తగ్గి అతుకు ఊడుతుంది. 1991లో నిగ్, ఊలి ఎబీ బృందాలు పరీక్షనాళికలో లామిన్ జంటలతో తల–తోక గొలుసులు కట్టి, వాటికి సీడీసీ2ను కలిపి, గొలుసులు తిరిగి జంటలుగా విడిపోవడాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపించాయి. ఫాస్ఫేటు పెనవేసుకున్న జంటను విడదీయదు, జంటకూ జంటకూ మధ్య పట్టునే వదిలిస్తుంది. తిరిగి కట్టడానికి కావలసిన సరుకు ఆ విధంగా సిద్ధంగా ఉంటుంది.

సీడీకే1 ముఖ్యమే గానీ అదొక్కటే కాదు. ప్రోటీన్ కైనేజ్ సి తెగలోని బీటా–2 రూపం, కణం విభజనలోకి అడుగుపెట్టే సమయంలో కేంద్రకానికి చేరి లామిన్ బి1ను ఫాస్ఫోరిలేట్ చేస్తుందని 1990ల తొలి సంవత్సరాల్లో తేలింది. ఇదే కైనేజ్ తెగ కోడి లామిన్ బి2 మీద, కేంద్రకంలోకి ప్రవేశం కల్పించే వరుసకు పక్కనే ఫాస్ఫేటు పెడితే ఆ ప్రోటీను కేంద్రకంలోకి చేరడం తగ్గిపోతుంది. అంటే ఫాస్ఫేటు పోగును తెంచడమే కాకుండా, విడి అణువు ఎక్కడ ఉండాలో కూడా నిర్ణయించగలదు. ఈ రెండో పాత్రకు తగినంత ప్రాధాన్యం చాలాకాలం దక్కలేదు.

పోలో అనే మరో కైనేజ్ తెగ పాత్రను సీ. ఎలిగాన్స్ అనే సూక్ష్మ పురుగు స్పష్టంగా చూపింది. దీనికి ఉన్నది ఒకే ఒక లామిన్. ఫలదీకరణ జరిగిన అండంలో తల్లి వైపు కేంద్రకం, తండ్రి వైపు కేంద్రకం మొదట వేర్వేరుగా ఉండి, ఒకదాన్నొకటి చేరుకుంటాయి. రెండింటి లామినా సకాలంలో విడిపోతేనే క్రోమోజోములు ఒక్కచోటికి వచ్చి, విభజన తర్వాత ఒక్కో పిల్లకణానికి ఒక్కో కేంద్రకం ఏర్పడుతుంది. పారిస్‌కు చెందిన పరిశోధకులు 2020లో ఈ పురుగు లామిన్‌లో పోలో తెగ కైనేజ్ ఫాస్ఫేటు పెట్టే సెరీన్లను అలనీన్లుగా మార్చి చూశారు. అటువంటి పిండాల్లో లామినా విడిపోలేదు. తల్లి క్రోమోజోములు, తండ్రి క్రోమోజోములు కలవక, పిల్లకణంలో రెండేసి కేంద్రకాలు పక్కపక్కనే మిగిలాయి. తల్లిదండ్రుల జన్యుసంపద కలవాలంటే లామిన్ మీది కొన్ని ఫాస్ఫేట్లు అవసరమన్న మాట.

కేంద్రక త్వచం విచ్ఛిన్నం కావడంలో ఫాస్ఫోరిలేషన్‌తో పాటు బలప్రయోగం కూడా ఉంది. ప్రథమదశ చివర సూక్ష్మనాళికల మీద నడిచే డైనీన్ మోటారు ప్రోటీన్లు కేంద్రక త్వచాన్ని పట్టి లాగుతాయని, ఆ లాగుడుకు లామినా ఒకచోట చిరిగి రంధ్రం పడుతుందని 2002లో రెండు బృందాలు చూపాయి. ఫాస్ఫేటు అతుకులను వదులు చేస్తుంది, లాగుడు చింపుతుంది. అదే సమయంలో త్వచానికీ క్రొమాటిన్‌కూ వంతెనలా ఉండే ప్రోటీన్లు, కేంద్రక రంధ్రపు ప్రోటీన్లు కూడా ఫాస్ఫోరిలేట్ అయి పట్టు వదులుతాయి. వీటిలో బీఏఎఫ్ అనే చిన్న ప్రోటీను డీఎన్‌ఏను లోపలి త్వచపు ప్రోటీన్లతో కలిపి ఉంచుతుంది. వీఆర్‌కే1 కైనేజ్ దానికి ఫాస్ఫేటు తగిలిస్తే డీఎన్‌ఏ మీద దాని పట్టు పోతుంది. ఈస్ట్ కణాల్లో లామిన్లే లేవు. అవి కేంద్రక త్వచాన్ని పూర్తిగా విప్పకుండానే విభజన ముగిస్తాయి. మొక్కల్లోనూ లామిన్లు లేవు గానీ, అదే పని చేసే వేరే ప్రోటీన్లున్నాయి.

విప్పడం గురించి తెలిసినంత వివరంగా తిరిగి కట్టడం గురించి తెలియడానికి ఎక్కువ కాలం పట్టింది. చలనదశలో, సీడీకే1 పనిచేయడానికి అవసరమైన సైక్లిన్ బి అనే ప్రోటీను నాశనమై ఆ కైనేజ్ ఆగిపోతుంది. కైనేజ్ ఆగినంత మాత్రాన అప్పటికే తగిలి ఉన్న ఫాస్ఫేటు దానంతటది ఊడదు, ఫాస్ఫటేజ్ రావాలి. లామిన్ బి విషయంలో ఆ పని చేసేది ప్రోటీన్ ఫాస్ఫటేజ్ 1 అని 1997లో తేలింది. నార్వేలో ఫిలిప్ కొల్లాస్ బృందం 2000లో దీనికి ఇంకో మెట్టు జోడించింది. ఏకేఏపీ149 అనే త్వచ ప్రోటీను, కొత్తగా ఏర్పడుతున్న కేంద్రక త్వచం దగ్గరికి ఫాస్ఫటేజ్ 1ను రప్పిస్తుంది. ఈ రెంటి కలయికను ఒక చిన్న పెప్టైడుతో అడ్డుకుంటే, త్వచం ఏర్పడినా బి లామిన్లు ఫాస్ఫేటుతోనే ఉండిపోయి లామినాగా కూడలేదు. ఎంజైము కణంలో ఉంటే చాలదు, అది పని జరగాల్సిన చోట ఉండాలి.

బి తెగ లామిన్లు త్వచపు ముక్కలతో పాటు క్రోమోజోముల చుట్టూ ముందుగా చేరతాయి. ఎ తెగ వాటికంటే ఆలస్యం. కేంద్రక రంధ్రాలు ఏర్పడి, ప్రోటీన్ల దిగుమతి మొదలయ్యాక లామిన్ ఎ వాటి గుండా లోపలికి వస్తుంది. రాబర్ట్ గోల్డ్‌మన్ బృందం 2000లో ప్రతిదీప్తి ప్రోటీను తగిలించిన లామిన్లను జీవకణాల్లో చూసి ఈ వరుసను నమోదు చేసింది. కొత్త అంతర్దశ తొలి గంటల్లో లామిన్ ఎలో చాలా భాగం కేంద్రకం లోపలి భాగమంతా పరుచుకుని ఉండి, తర్వాత నెమ్మదిగా అంచుకు చేరుతుంది. లామినా లేకుండా కేంద్రక త్వచం ఏర్పడగలదా అన్న ప్రశ్నకు జాన్ న్యూపోర్ట్ బృందం 1990లోనే సమాధానం చెప్పింది. కప్ప అండాల సారం నుంచి లామిన్‌ను ప్రతిదేహాలతో తొలగించినా క్రొమాటిన్ చుట్టూ త్వచం ఏర్పడింది. కానీ అలా తయారైన కేంద్రకాలు సులువుగా చితికిపోయాయి, డీఎన్‌ఏ ప్రతికృతి చేయలేకపోయాయి.

పాఠ్యపుస్తకాలు ఈ విషయాన్ని సాధారణంగా ఇక్కడితో ఆపేస్తాయి. విభజనలో ఫాస్ఫేటు చేరుతుంది, లామినా విడిపోతుంది. ఫాస్ఫేటు పోతుంది, లామినా కూడుతుంది. ఇంతటితో ఆపడం సరికాదు. విభజన లేని అంతర్దశలో కూడా లామిన్ల మీద ఫాస్ఫేటు ఉంటుంది, నిరంతరం చేరుతూ పోతూ ఉంటుంది. ఫిన్లాండ్‌లో జాన్ ఎరిక్సన్ బృందం 2014లో అంతర్దశ లామిన్ ఎ మీద 20 ప్రధాన ఫాస్ఫేటు స్థానాలను గుర్తించింది. వాటిలో ఎనిమిదింటి మీద ఫాస్ఫేటు వేగంగా మారుతూ ఉంటుంది. ఆ స్థానాలను ఒక్కొక్కటిగా మార్చి చూస్తే లామిన్ ఎ లామినాలో ఎంత ఉండాలి, కేంద్రకం నడుమ ఎంత తిరగాలి, కణద్రవ్యంలో ఎంత మిగలాలి అన్న పంపకం మారిపోయింది. లామినా ఒకసారి కట్టి వదిలేసే నిర్మాణం కాదు. కైనేజ్‌లూ ఫాస్ఫటేజ్‌లూ ప్రతి క్షణం నిలబెడుతున్న సమతౌల్యం అది.

ఆ సమతౌల్యాన్ని కణం ఎందుకు మారుస్తుందో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డెన్నిస్ డిషర్ బృందం చూపింది. ఎముక, కండరం లాంటి గట్టి కణజాలాల్లో లామిన్ ఎ ఎక్కువ, మెదడు లాంటి మెత్తటి కణజాలంలో తక్కువ అని 2013లో వారు నమోదు చేశారు. మెత్తటి ఉపరితలంపై పెంచిన కణాల్లో లామిన్ ఎ మీద ఫాస్ఫేటు ఎక్కువై, ప్రోటీను త్వరగా క్షీణిస్తుందని 2014లో మరో పరిశోధన చెప్పింది. గట్టి ఉపరితలంపై కేంద్రకం మీద లాగుడు ఎక్కువ, ఫాస్ఫేటు తక్కువ, లామినా దృఢం. కణం తన చుట్టూ ఉన్న గట్టిదనానికి తగినట్టుగా కేంద్రకాన్ని సరిచేసుకునే మార్గాల్లో ఇదొకటి.

అంచును వదిలి కేంద్రకం నడుమకు చేరిన లామిన్ వ్యర్థం కాదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో వీణా పర్ణైక్ బృందం ఈ విషయాన్ని చాలా ముందుగానే చేపట్టింది. కేంద్రకం లోపల చుక్కల్లా కనిపించే లామిన్ ఎ, ఆర్‌ఎన్‌ఏ అతుకుల కారకాలు ఉన్న చోటే ఉంటుందని 1999లోనూ, కండరపు పూర్వకణాలు కండరనాళికలుగా మారేటప్పుడు ఆ చుక్కల అమరిక మారుతుందని 2001లోనూ ఆ బృందం ప్రచురించింది. 22వ సెరీన్ మీద ఫాస్ఫేటు ఉన్న లామిన్ ఎ, సి కేంద్రకం నడుమ ఉండి చురుకైన ఎన్‌హాన్సర్ల దగ్గర, అంటే జన్యువుల పనిని పెంచే డీఎన్‌ఏ భాగాల దగ్గర చేరుతున్నాయని 2020లో తేలింది. విభజనలో లామినాను విప్పే అదే ఫాస్ఫేటు, అంతర్దశలో జన్యువుల పనితో ముడిపడి కనిపించడం ఈ రంగంలో ఇటీవల వచ్చిన ముఖ్యమైన మలుపు.

వ్యాధుల్లో ఈ సంబంధాలు కొన్నిచోట్ల బయటపడతాయి. ఎల్‌ఎమ్‌ఎన్‌ఎ జన్యువులోని మార్పులు కండరాలు, గుండె, కొవ్వు కణజాలాలను దెబ్బతీసే పలు వ్యాధులకు కారణం. కండర వ్యాధిగ్రస్తుల కణజాలంలో లామిన్ ఎ, సిల 458వ సెరీన్ మీద ఫాస్ఫేటు అసాధారణంగా కనిపించిందని, దాన్ని తగిలించేది ఏకేటీ1 కైనేజ్ అని 2010లో ప్రచురితమైంది. చిన్నపిల్లల్లో అకాల వార్ధక్యం తెచ్చే ప్రొజీరియాలో ఒకే అక్షరం మార్పు వల్ల లామిన్ ఎ నుంచి 50 అమైనో ఆమ్లాలు పోతాయి. కొవ్వు గొలుసును కత్తిరించే చోటు కూడా ఆ ముక్కలోనే ఉంది కాబట్టి ప్రొజెరిన్ అనే ఆ లోపభూయిష్ట ప్రోటీను త్వచానికి శాశ్వతంగా అతుక్కుంటుంది. అంతర్దశలో ఫాస్ఫేటు చేరే ఒక స్థానం సైతం ఆ పోయిన ముక్కలోనే ఉంది. ప్రొజెరిన్ ఉన్న కణాల్లో విభజన ముగింపు ఆలస్యమవుతుంది. ఇక్కడ ప్రధాన దోషం కొవ్వు గొలుసుదే. 2020లో అమెరికాలో ఆమోదం పొందిన లోనాఫార్నిబ్ ఆ గొలుసు తగలకుండా ఆపే మందే.

ఫాస్ఫేటు శక్తిని బయటివారు దొంగిలించిన ఉదాహరణ హెర్పీస్ వైరస్‌లు. ఈ వైరస్‌ల కవచాలు కేంద్రకంలోనే తయారవుతాయి, నూరు నానోమీటర్లకు పైబడి ఉంటాయి, కేంద్రక రంధ్రంలో పట్టవు. కాబట్టి అవి లోపలి త్వచంలోంచి మొగ్గలా బయటపడాలి. ఆ దారికి లామినా అడ్డం. ఈ తెగకే చెందిన మానవ సైటోమెగాలో వైరస్ యూఎల్97 అనే సొంత కైనేజ్‌తో లామిన్ ఎ, సిల 22వ సెరీన్ మీద ఫాస్ఫేటు పెట్టి, విభజన అవసరం లేకుండానే లామినాలో సందు చేసుకుంటుందని 2009లో తేలింది. సీడీకే1 వాడే స్థానాన్నే వైరస్ ఎంచుకుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ఈ వైరస్ ప్రాణాంతకం కావచ్చు. యూఎల్97ను అడ్డుకునే మారిబవిర్ అనే మందును, ఇతర మందులకు లొంగని సైటోమెగాలో వైరస్ జబ్బుకు వాడేందుకు 2021 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది.